కొలబద్ద యెవరిది?

మనుష్యులను తరగతులుగా విడదీసి, వీరు అధికులు, వారు అధములు అని నిర్ణయించుట లోకమున ఏనాటినుండియో యున్నది. కొందరిని రంగునుబట్టి, కొందరిని కులమునుబట్టి, కొందరిని భాషనుబట్టి, మరికొందరిని మనస్సు పనిచేయు తీరునుబట్టి తక్కువచేసి చూచిరి. ఇవి వేరువేరు విషయములని సామాన్యముగా తలతుము. చరిత్రను కొంచెము దగ్గరగా చూచినచో ఇవన్నియు ఒకే యింట పెరిగిన అన్నదమ్ములని తోచును. ఈ ప్రసంగములో మేము ఖమ్మము భద్రాచలముల నడిమి అడవి సరిహద్దును ఆధారముగా గైకొని, అచ్చటి కోయల, కొండరెడ్ల కథను, ఆటిజము అను స్థితి గల మనుష్యుల కథను పక్కపక్కన నుంచి చూడదలచితిమి. రెండు కథలు కలియుచోట ఒక పసిబిడ్డ యున్నాడు. అతనిని గుర్తించుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

ఆటిజమనగా నేమో ముందుగా రెండు మాటలు చెప్పవలెను. అది అంటురోగము కాదు. తల్లి పెంపకములోని లోపమువలన గాని, టీకాలవలన గాని వచ్చునది కాదు. మెదడు ఎదుగుదలలో తొలినుండియు నుండు ఒక భేదము. ఆటిజము గలవారిలో కొందరు ఎన్నడును నోటితో మాటలాడరు. కొందరు అనర్గళముగా మాటలాడుదురు. ఎదుటివారి చూపులోను, కంఠస్వరములోను దాగియున్న సంగతులను గ్రహించుట వీరిలో పెక్కుమందికి కష్టము. చప్పుడు, వెలుతురు, స్పర్శ వీరిని ఇతరులకంటె హెచ్చుగా బాధింపవచ్చును. చేతులు ఆడించుట, ఒకే పనిని మరలమరల చేయుట, ఒకానొక విషయమునందు మిక్కిలి లోతైన ఆసక్తి వీరియందు కానవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2021 నాటికి లోకమున ప్రతి 127 మందిలో ఒకరు ఇట్టివారు. కావున పట్టణములలోని మేడలలోను, మైదానపు పల్లెలలోను వీరుందురు. అడవిలోని గూడెములయందును ఉందురు. ఈ చివరి మాటయే తరచుగా మరపునకు వచ్చుచున్నది.

ఇక అడవి సంగతి. భద్రాచలము తాలూకా ఒకప్పుడు మధ్యపరగణాలలోని ఎగువ గోదావరి జిల్లాలో నుండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు చేరెను. ఏటికి ఈవలనున్న పాల్వంచ ప్రాంతము నిజాము రాజ్యములోనిది. 1953లో వరంగల్లు జిల్లానుండి విడదీసి ఖమ్మము జిల్లాను ఏర్పరచిరి. 1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలు తూర్పుగోదావరినుండి ఖమ్మములో కలిసెను. 2014లో పోలవరము ప్రాజెక్టు కారణముగా కొన్ని మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా పుట్టెను. కోయవాడు తన గుడిసెనుండి కదలకయే ఇన్ని రాజ్యములు, ఇన్ని జిల్లాలు చూచెను. గీతలు గీచినవారు దూరమునందలివారు.

నేలకు పెట్టిన పేర్లును అట్టివే. 1874 నాటి శాసనము ఇట్టి మన్యప్రాంతములను 'షెడ్యూల్డు జిల్లాలు' అనెను. 1919 నాటి భారత ప్రభుత్వ చట్టము 'వెనుకబడిన ప్రాంతములు' అను పేరు తెచ్చెను. 1935 చట్టము వచ్చిన పిమ్మట గోదావరి ఏజెన్సీ 'పాక్షికముగా మినహాయింపబడిన ప్రాంతము' అయ్యెను. 1950లో రాజ్యాంగము 'షెడ్యూల్డు ప్రాంతము' అనెను. మనుష్యుల పేర్లును మారెను. కొండరెడ్లు మొదలగు కొన్ని సమూహములను ప్రభుత్వ పత్రములు చాలకాలము 'ఆదిమ తెగలు' అని వ్యవహరించెను. 2006లో ఆ మాటను తీసివేసి, 'విశేషముగా దుర్బలమైన గిరిజన సమూహములు' అను పేరు పెట్టిరి. కోయలు తమ్ము తాము కోయితూర్ అని చెప్పుకొందురు. ఆ పేరు ఈ జాబితాలలో దేనియందును తలమాటగా లేదు.

మనస్సునందు భేదము గలవారి విషయములోను చట్టముల నడక ఇట్టిదే. 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టము, పుట్టుకతో బుద్ధి వికసింపనివానిని, తరువాతి కాలమున మతి చెడినవానిని ఒకే నిర్వచనములో చేర్చి ఇద్దరికిని పిచ్చివాడను ముద్ర వేసెను. జన్మతో వచ్చు భేదము వేరు, నడుమ వచ్చు రోగము వేరు అను వివేకము ఆ చట్టమునకు లేదు. దాని స్థానమున 1987లో చేసిన కొత్త చట్టము 1993లో గాని అమలునకు రాలేదు. వికలాంగుల హక్కుల కొరకు 1995లో చేసిన చట్టములో ఏడు వైకల్యములు పేర్కొనబడెను. అందు ఆటిజము లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టములో మొదటిసారిగా దాని పేరు వచ్చెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములోని ఇరువదియొక్క వైకల్యములలో అది చేరెను.

పేర్ల తరువాత కొలతలు వచ్చును. ఎడ్గార్ థర్‌స్టన్ అను ఆంగ్లేయుడు 1885 మొదలు మద్రాసు ప్రభుత్వ మ్యూజియమునకు అధిపతిగా నుండెను. దక్షిణదేశమున తిరిగి, కొలత పరికరములతో జనుల తలల పొడవు వెడల్పులు, ముక్కుల పొడవు వెడల్పులు తీసి వ్రాసికొనెను. కె. రంగాచారి సహాయముతో 1909లో ఏడు సంపుటములుగా వెలువరించిన గ్రంథములో కోయలనుగూర్చియు వ్రాసెను. 1901 జనాభా లెక్కలకు నాయకుడైన హెర్బర్ట్ రిస్లీ ఇంకొక అడుగు ముందుకు పోయెను. ముక్కు కొలతనుండి ఒక అంకెను రాబట్టి, దానిని సంఘములోని హోదాతో ముడిపెట్టెను. ముక్కు వెడల్పైనకొలది మనుష్యుడు దిగువవాడు అను తీర్పు ఆ లెక్కలలో దాగియున్నది. ఆ శాస్త్రము నేడు నిలువలేదు. కాని ఆ చూపు మాత్రము మన సంతలలోను, బస్సులలోను, బడులలోను ఇంకను సంచరించుచునే యున్నది.

భద్రాచలమునకు చేరువనున్న దుమ్ముగూడెములో అంతకు ముందే వేరొక తీరు పని జరిగెను. అచ్చటి మిషనరీ జాన్ కెయిన్ 1870ల నుండి భద్రాచలము, రేకపల్లి తాలూకాలనుగూర్చి వ్యాసములు వ్రాసెను. 1881లో కోయలనుగూర్చి లండను పత్రికలో ప్రకటించెను. ఆయనకును తన మతము, తన ముందుతలపులు ఉండెను. అయినను కోయల నడుమ నివసించి, వారి మాటలను సేకరించెను. ముక్కును కొలుచుటకు ఎదుటివాడు కదలక నిలిచిన చాలును. మాటను నేర్చుటకు ఎదుటివాడు నోరు విప్పవలెను, మనము చెవి యొగ్గవలెను. ఈ రెండు పద్ధతులకును గల భేదమును శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెనని మా కోరిక.

భేదబుద్ధి మాటలతో ఆగునది కాదు, భూమినికూడ తీసికొనును. మన్యములో అది నడచిన తీరు సుపరిచితమే. సాహుకారు ఉప్పు, గుడ్డ, గింజలు అప్పుగా ఇచ్చును. పత్రము కోయకు రాని భాషలో, కోయ చదువలేని లిపిలో వ్రాయబడును. వేలిముద్ర పడును. వడ్డీ పెరుగును. కొన్నేండ్లకు పొలము చేతులు మారును. పత్రము చదువలేనివాడు తెలివితక్కువవాడని సాహుకారు వాదము. అడవిలో ఏ చెట్టు ఎప్పుడు కాయునో, ఏ నేల ఏ పంటకు ఓర్చునో ఎరుగని సాహుకారును తెలివితక్కువవాడని ఎవరును అనలేదు.

1917లో మద్రాసు ప్రభుత్వము ఏజెన్సీ భూములనుగూర్చి ఒక చట్టము చేసెను. కొండజాతివాని భూమి, సర్కారు ఏజెంటు అనుమతి లేనిదే, ఇతరులకు బదిలీ కారాదని దాని సారాంశము. 1959లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతముల భూబదిలీ నిబంధన వచ్చెను. 1963లో అది తెలంగాణ ప్రాంతమునకు వ్యాపించెను. 1970లో జరిగిన సవరణ, జనులు '1/70 చట్టము' అని పిలుచునది, ఇంకను గట్టిది. షెడ్యూల్డు ప్రాంతములోని భూమి గిరిజనేతరుని చేతిలోనున్నచో, అది గిరిజనునినుండి వచ్చినదేయని మొదట ఊహింపవలెను. కాదని రుజువుచేయు భారము ఆ గిరిజనేతరునిదే. చట్టము పూర్తిగా అమలు జరుగలేదనియు, భూములు ఇంకను చేజారుచునే యుండెననియు అందరెరిగినదే. అయినను ఆ సవరణలోని ఊహ గమనింపదగినది. అంతకుముందు ప్రతిమారు కోయయే తాను మోసపోతినని నిరూపింపవలసి యుండెను. ఇప్పుడు బలవంతుడు తాను న్యాయముగా పొందితినని నిరూపింపవలసి వచ్చెను. కొలబద్ద యథాతథముగానే యుండి, దానికి ఎదురుగా నిలువవలసినవాడు మారెను.

1941లో క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు పాల్వంచ తాలూకాలోని కొండరెడ్ల నడుమ నివసించెను. ఆయన 1909లో వియన్నా నగరమున జన్మించెను. రెండవ ప్రపంచయుద్ధము వచ్చుటతో శత్రుదేశస్థుడని గణింపబడి, హైదరాబాదు సంస్థానములో నుండవలసినవాడయ్యెను. 1945లో వెలువడిన ఆయన గ్రంథము, పాపికొండల పరిసరములలోని రెడ్ల జీవితమును వర్ణించుచు, కలప, వెదురు కంట్రాక్టర్లు అప్పుల పేరిట వారిని ఎట్లు కట్టివేసిరో తెలిపెను. ఆయన చొరవతో 1943లో ఆదిలాబాదు ప్రాంతమున మార్లవాయి గ్రామములో గోండు పిల్లలకు గోండీ భాషలోనే చదువు ప్రారంభమయ్యెను. ఆయన సర్కారు కొలువులోనివాడే. ఆయన వ్రాతలలోను 'ఆదిమ' అను ఆనాటి పదము కలదు. అయినను పిల్లవాడు బదులు చెప్పనప్పుడు ప్రశ్న ఏ భాషలో అడుగబడినదని ఆలోచించుట ఆ పనిలో నున్నది.

హైమెన్‌డార్ఫ్ మన అడవులలో నున్న ఆ సంవత్సరములలోనే, ఆయన విడిచివచ్చిన వియన్నా నగరమున హాన్స్ ఆస్పెర్గర్ అను పిల్లల వైద్యుడు కొందరు బాలురను పరిశీలించుచుండెను. వారు ఇతర పిల్లలతో కలియరు. ఎదుటివాని కన్నులలోకి చూడరు. తమకు నచ్చిన విషయములో పండితులవలె మాటలాడుదురు. ఆస్పెర్గర్ 1944లో వీరినిగూర్చి ప్రకటించిన వ్యాసము ఆటిజము చరిత్రలో ప్రసిద్ధమైనది. దానికి ముందు సంవత్సరము అమెరికాలోని బాల్టిమోరులో లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలనుగూర్చి వ్రాసెను. నేడు మనము ఆటిజమని పిలుచునది వైద్యశాస్త్రమున ఈ రెండు వ్యాసములనుండి వ్యాపించెను.

కాని ఆనాటి వియన్నా జర్మన్ నాజీల పాలనలో నున్నది. నాజీలు యూదుల పౌరహక్కులను తీసివేసిన శాసనములు 1935 నాటివి. అంతకు రెండేండ్లు ముందే, 1933 జూలైలో, మందబుద్ధులు, మూర్ఛరోగులు మున్నగువారికి సంతానము కలుగకుండ బలవంతముగా శస్త్రచికిత్స చేయు చట్టము వచ్చెను. జాతి శుద్ధియను సిద్ధాంతము ముందుగా తన సొంత జనములోని బలహీనులను ఏరి, పిమ్మట ఇతర జాతులను ఏరెను. వియన్నాలోని ష్పీగెల్‌గ్రుండ్ అను సంస్థలో 1940 నుండి 1945 వరకు 789 మంది పిల్లలు మరణించిరి. వారిలో పెక్కురు చంపబడినవారే. ఆస్పెర్గర్ కొందరు బిడ్డలను ఆ సంస్థకు పంపుటలో పాలుపంచుకొనెనని హెర్విగ్ చెక్ అను చరిత్రకారుడు పాత పత్రములు శోధించి 2018లో వెల్లడించెను. కొందరి తెలివిని మెచ్చిన చేయియే వేరు కొందరిని ఆ ద్వారమువైపు చూపెను. ఉపయోగపడువాడు, ఉపయోగపడనివాడు అను కొలత ఒకమారు చేతికి వచ్చినచో అది ఎచ్చట ఆగునో ఎవరును చెప్పజాలరు.

ఇది ఒక్క జర్మనీ పాపమని తలపరాదు. 1905లో ఆల్‌ఫ్రెడ్ బినే అను ఫ్రెంచి పండితుడు బడిలో సహాయము కావలసిన పిల్లలను గుర్తించుటకై కొన్ని పరీక్షలు కల్పించెను. హెన్రీ గోడార్డ్ వానిని అమెరికాకు తెచ్చి, ఓడ దిగిన వలసవారిపై ప్రయోగించెను. 1917లో ఆయన ప్రకటించిన ఫలితములలో యూదులు, ఇటలీవారు, హంగేరీవారు, రష్యనులు, పరీక్షింపబడినవారిలో ఇంచుమించు అయిదింట నాలుగు వంతులమంది మందబుద్ధులని తేలిరి! ఓడలో దినములకొలది కుమిలి, పరాయి నేలపై అడుగిడి, పరాయివారి ప్రశ్నలకు బెదరిన జనులు వారు. ఆ సంవత్సరమే అమెరికా ప్రభుత్వము చేసిన వలస చట్టము మందబుద్ధులను, మూర్ఛరోగులను దేశములోనికి రానీయరాదనెను. అదే చట్టము ఆసియాలో ఒక విశాల ప్రాంతమునకు గీతగీసి, అచ్చటివారిని కూడ రానీయరాదనెను. మన దేశము ఆ గీతలోపలిది. ఒకే కాగితముమీద రెండు తలుపులు మూయబడెను. 1946లో సంవత్సరమునకు నూరుమంది భారతీయులకు అనుమతి కలిగెను. 1965 తరువాత గాని తలుపు బాగుగా తెరువబడలేదు. అటుపిమ్మట అచ్చట స్థిరపడిన వేలకొలది తెలుగు కుటుంబములకు ఈ సంగతి తెలియదగినది.

రంగుభేదము, మనోభేదము ఒకే మనుష్యునిపై కూడినప్పుడు రెండు విధముల పొరపాటు జరుగును. మొదటిది, లేని లోపమును అంటగట్టుట. కాలిఫోర్నియా బడులలో నల్లజాతి పిల్లలు మొత్తమున పదవవంతు ఉండగా, మందబుద్ధుల తరగతులలో నాలుగవవంతు వారేయైరి. వారి తల్లిదండ్రులు 1971లో వ్యాజ్యము వేసిరి. తెల్లవారి బ్రదుకును ప్రమాణముగా గొన్న బుద్ధిపరీక్షలతో ఆ పిల్లలను అట్టి తరగతులకు పంపరాదని 1979లో న్యాయస్థానము తీర్పు చెప్పెను. రెండవ పొరపాటు, ఉన్న భేదమును చూడకుండుట. కానర్ చూచిన పదునొకండుగురును తెల్ల కుటుంబములవారు. తల్లిదండ్రులలో పెక్కురు విద్యాధికులు. ఆటిజము చదువుకొన్న తెల్లవారి యిండ్లకు సంబంధించినదను భ్రాంతి ఆ పిమ్మట దశాబ్దములు నిలిచెను. ఫిలడెల్ఫియాలో ప్రభుత్వ వైద్యసహాయము పొందు పిల్లలపై 2002లో ప్రకటితమైన పరిశీలన ప్రకారము తెల్లపిల్లలలో ఆటిజము సగటున 6.3 ఏండ్లకు గుర్తింపబడగా, నల్లపిల్లలలో 7.9 ఏండ్లకు గాని గుర్తింపబడలేదు. పసితనమున ఆ ఏడాదిన్నర చిన్న కాలము కాదు. 2023లో వెలువడిన అమెరికా లెక్కలలో మొదటిసారిగా నల్లజాతి, ఆసియా సంతతి పిల్లలలో గుర్తింపు తెల్లపిల్లలలోకంటె హెచ్చుగా కనిపించెను. పిల్లలు మారలేదు, చూచువారి చూపు మారెను.

ఇంతవరకు చెప్పినదంతయు కొలిచినవారి చరిత్ర. కొలువబడినవారేమనిరి? 1993లో జిమ్ సింక్లేర్ అను ఆటిజము గల వ్యక్తి తల్లిదండ్రుల నుద్దేశించి, మమ్ములనుగూర్చి దుఃఖింపవలదని, మేము పోయినవారము కామని, మా భాషలో మమ్ములను కలిసికొనుటకు రండని చెప్పెను. 2017లో ఆటిజము గల నల్లజాతివారు, ఆసియావారు, ఇతర వర్ణములవారు తమ అనుభవములను వ్రాసిన ఒక పెద్ద సంకలనము 'ఆల్ ది వెయిట్ ఆఫ్ అవర్ డ్రీమ్స్' అను పేర వెలువడెను. లిడియా బ్రౌన్, ఇ. అష్కెనాజీ, మోరెనికే గివా ఓనైవు దాని సంపాదకులు. ఇట్టి రచయితలు మరలమరల చెప్పు సంగతి యొకటి కలదు. అదే చేయి ఆడించుట, అదే మౌనము, అదే అరుపు తెల్లబిడ్డయందు జబ్బుగాను, నల్లబిడ్డయందు పొగరుగాను లెక్కింపబడును. ఆటిజము గలవారి సంఘములో తమ రంగునుగూర్చి, తమ జాతివారి సంఘములో తమ ఆటిజమునుగూర్చి నోరు మూసికొనవలసి వచ్చునని వారి ఆవేదన.

ఇందు మనకును ఒక పాఠమున్నది. మన దేశమున అస్పృశ్యతను రాజ్యాంగము 17వ అధికరణముతో 1950లోనే రద్దుచేసెను. అయినను భేదబుద్ధి వ్రాయని నియమములలో బ్రదుకుచునే వచ్చినది. టీ హోటలులో రెండు గ్లాసుల పద్ధతి, అరుగుమీద ఎవరు కూర్చుండవచ్చును, ఎవరు క్రింద కూర్చుండవలెను, నెరసిన తలగల కోయను పదేండ్ల కుర్రవాడు 'ఏరా' అని పిలువవచ్చునా: ఇవి ఏ పుస్తకములోను లేవు. మనము చూచి అనుకరించి నేర్చుకొందుము. నేర్చితిమని మనకే తెలియదు. ఆటిజము గలవారు పెక్కుమంది ఇట్టి వ్రాయని నియమములు తమకు వాటంతట అవి పట్టుపడవని, ఒక్కొక్కదానిని ప్రశ్నించి నేర్చుకొనవలసి వచ్చెనని వ్రాసిరి. 'రెండు గ్లాసులు ఎందుకు?' అని సూటిగా అడుగువానిని మనము మర్యాద తెలియనివాడందుము. మర్యాద తెలిసినవారివద్ద ఆ ప్రశ్నకు జవాబు లేదు. అయినను వీరు పక్షపాతమే ఎరుగని పుణ్యాత్ములని పొగడుట సరికాదు. సంఘములో చెలామణియగు రంగుభేదపు, స్త్రీపురుష భేదపు భావములు ఆటిజము గల పిల్లలకును తెలిసియుండునని 2007లో ప్రకటితమైన ఒక పరిశోధన చూపెను. వీరిని దేవతలుగా చేయుటయు తప్పుకొలతయే. వారి ప్రశ్నను వినుటయే కావలసినది.

ఇప్పుడు మరల గోదావరి గట్టునకు వత్తము. దుమ్ముగూడెము వైపు ఒక గూడెములో అయిదేండ్ల కోయ బాలుడున్నాడనుకొందము. పేరు పెట్టి పిలిచిన పలుకడు, ముఖములోకి చూడడు. ఈ బాలుని విషయములో పైని చెప్పిన రెండు పొరపాట్లును జరుగగలవు. అతనికి ఆటిజము లేకపోవచ్చును. ఇంటిలో కోయమాట, బడిలో తెలుగుమాట యగుటచే బెదరియుండవచ్చును. అప్పుడు ఉపాధ్యాయుడు మందబుద్ధియని వ్రాసికొనును. లేదా అతనికి నిజముగా ఆటిజము ఉండవచ్చును. అప్పుడు 'కోయపిల్లలింతే, సిగ్గరులు, అడవిలో పెరిగినవారు' అని అందరును సరిపెట్టుకొందురు. మొదటి తావున తెగను లోపముగా చూచిరి. రెండవ తావున భేదమును తెగ చాటున దాచిరి. రెండింట నష్టపోవునది బిడ్డయే.

మన దేశములో ఆటిజమును కొలుచుటకు ప్రభుత్వము ఆమోదించిన కొలబద్ద సికింద్రాబాదులో 1984లో స్థాపితమైన జాతీయ సంస్థ ఆధ్వర్యమున తయారయ్యెను. దానిలో నలువది అంశములు కలవు. మొట్టమొదటిది కన్నులలోకి చూచుటకు సంబంధించినది. పెద్దవారి ముఖములోకి సూటిగా చూడకుండుట మన పల్లెలలో అణకువయని పిల్లలకు నేర్పుదుము. కావున ఆ కొలబద్దను పట్టినవాడు ఆ యింటి మర్యాదను, ఆ యింటి భాషను ఎరుగవలెను. ఎరిగినవాడు దానితో మేలు చేయగలడు. ఎరుగనివాని చేతిలో అది థర్‌స్టన్ పరికరమగును. భద్రాచలమునుండి రాజధానికి మున్నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. కూలి మాని, బస్సెక్కి, బిడ్డను జనసమ్మర్దములో మోసికొని పోయిన తల్లికి, అచ్చట కోయమాట తెలిసినవారు ఎదురగుదురను నమ్మకము లేదు.

ఇంతకంటె కష్టమైన స్థితి గుత్తికోయలది. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌లోని హింసకు తాళలేక వేలమంది ఈ అడవులలోనికి వచ్చిరి. అచ్చట వారు షెడ్యూల్డు తెగవారు. ఇచ్చట ఆ ధ్రువపత్రము దుర్లభము. వైకల్య ధ్రువపత్రము కావలెనన్న గుర్తింపు పత్రములు కావలెను. 2016 చట్టము బిడ్డకు హక్కు ఇచ్చినది; హక్కునకు దారియగు కాగితము బిడ్డ తండ్రివద్ద లేదు. 2011 జనాభా లెక్కలలో వైకల్యములకు ఎనిమిది గళ్లు ఉండగా ఆటిజమునకు వేరుగడి లేదు. లెక్కకు రానివానికి నిధులు రావు. నిధులు లేనిచోట వైద్యుడు రాడు. వైద్యుడు రానిచోట బిడ్డ లెక్కకు రాడు.

మా వృత్తి మాటల వృత్తి. రేడియోకు ముఖము లేదు, ముక్కు లేదు, రంగు లేదు. అది మా కొక గర్వము. కాని మాటలాడని మనుష్యుడు రేడియోలో లేనట్లే యగును. అందుచేత ఇట్టివారినిగూర్చి మాటలాడు బాధ్యత మాపై మరింత కలదు.

మార్గము లేకపోలేదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కోయ, గోండి, కొలామి, సవర మొదలగు ఎనిమిది భాషలలో చిన్న తరగతుల చదువు ప్రారంభించెను. మార్లవాయిలో 1943లో మొదలైన ఆలోచనకే అది కొనసాగింపు. ఆ ఆలోచనను ఆసుపత్రి గడపలోనికి కూడ తేవలెను. బిడ్డను పరీక్షించునప్పుడు వైద్యుని ప్రక్కన కోయమాట ఎరిగిన అంగన్‌వాడీ కార్యకర్తయో, ఆ గూడెపు పెద్దమ్మయో కూర్చుండవలెను. ఈ ఈడు కోయబిడ్డ ఎట్లాడును, ఎట్లు పలుకును అని ఎరిగినవారు వారే. వారు 'ఈ బిడ్డ మా పిల్లలవలె లేడు' అనినచో ఆ మాటను పరీక్షపత్రముతో సమానముగా గౌరవింపవలెను.

1970 సవరణను మరల ఒక్కమారు తలచుకొందము. బిడ్డ బదులు చెప్పనప్పుడు లోపము బిడ్డలోనే యున్నదని మొదట ఊహించుట మన అలవాటు. ఆ ఊహను తిప్పివేయవలెను. అడిగినవాని భాష సరియైనదా, అడిగిన తీరు సరియైనదా, కొలబద్ద ఆ బిడ్డకు తగినదా అని మొదట విచారింపవలెను. రుజువుచేయు భారము కొలుచువానిపై నుండవలెను. శ్రోతల యిండ్లలో, ఇరుగుపొరుగున, బంధువులలో ఇట్టి బిడ్డ యుండవచ్చును. వాడెవడని అడుగుటకు ముందు, వానిని మనము ఏ భాషలో పిలుచుచున్నామో ఒక్క క్షణము ఆలోచింతురుగాక.